జనవరి పంతొమ్మిది, 2038

బిష్కెక్ నుంచి ఏడు గంటల బస్సు.
డొలోన్ కనుమ దగ్గర డ్రైవరు
ఇంజను ఆపకుండానే దిగి టీ తాగొచ్చాడు.
నా సంచిలో రెండు రౌటర్లు, ఒక శిక్షణ పుస్తకం,
మూడు రోజులకు సరిపడా మేజోళ్లు.
నరీన్ గ్రంథాలయంలో ఆరు కంప్యూటర్లు
దుప్పట్లు కప్పుకుని కూచున్నాయి.

బ్యుబ్యుసారా ఎజె ఒక్కో దుప్పటీ తీసి మడిచింది,
బడి పిల్లల్ని లేపినట్టు, విసుక్కుంటూనే.
ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగం.
చెక్క సొరుగుల్లో పద్దెనిమిది వేల కార్డులు,
ఏది ఎక్కడుందో ఆమె చేతికే తెలుసు,
బుర్రని అడగదు.

మొదటి పాఠం, లాగిన్.
వాళ్ల లిపిలో ఆ "బ్యు"కొక అచ్చు ఉంది,
పెదాలు సున్నాలా చుట్టి పలికేది.
కొత్త సాఫ్ట్‌వేరుకి అది రాదు.
తెర మీద ఒక బ, ఒక ఖాళీ డబ్బా,
మళ్లీ బ, మళ్లీ డబ్బా, తర్వాత సారా.
"ఎవరీవిడ?" అంది కళ్లజోడు పైకెత్తి.
"మీరే."
ఆ డబ్బాలు చేసింది నేను కాకపోయినా
సిగ్గేసింది.

రెండో పాఠం, హక్కులు.
ఆమె పేరు పక్కన: చూడవచ్చు, మార్చరాదు.
మా పై ఆఫీసులో ఎవరో
భోజనం వేళకి తొందరపడి కొట్టిన టిక్కు.
"ముప్ఫై ఒక్క ఏళ్లు మార్చాను.
ఇప్పుడు చూడ్డం నేర్పుతావా?"
నేను మాట్లాడకుండా మౌసు ముందుకు జరిపాను.
ఉన్ని తొడుగుకి చూపుడువేలు కత్తిరించుకుని వచ్చింది,
క్లిక్కు కోసం.

కరెంటు పోయింది. వచ్చింది. పోయింది.

రెండో రోజు మధ్యాహ్నం షైర్‌గుల్ వచ్చింది,
పాత ఫోనొకటి రుమాల్లో చుట్టుకుని.
మొగుడిది. తోల్కున్‌బెక్ పోయి ఏడు నెలలు.
సోమవారం సోమవారం పొద్దున తొమ్మిదికి
మా సిస్టం అతనికి ఉత్తరం రాస్తోంది:
గౌరవనీయ తోల్కున్‌బెక్,
తేనెటీగల పెంపకం మీద మీరు తీసుకున్న పుస్తకం
రెండు వందల పద్నాలుగు రోజులు ఆలస్యం.

క్షమాపణకి మాటలు వెతుక్కుంటూనే
పాఠకుణ్ణి తొలగించే బటన్ కూడా వెతుకుతున్నాను.
"తీసెయ్యొద్దు," అంది.
"ఇరవై మూడో పేజీలో ఉన్నాను.
చలికి పెట్టెలెట్లా కప్పాలో అక్కడుంది.
నాలుగు పెట్టెలు చచ్చాయి, ఏడున్నాయి.
గడువు పెంచండి.
అతని పేరు మీదే. కార్డు అతనిది."

సిస్టంలో దీనికి గడి లేదు.
పోయినవాళ్లకి గడువు పెంచదు,
ఉన్నవాళ్లకైనా రెండుసార్లే.
కార్డు మీదైతే పెన్సిల్‌తో ఒక గీత.
ఎజె ఆ మాట అనలేదు,
చెయ్యి మాత్రం సొరుగు పిడి దాకా వెళ్లి ఆగింది.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను.
అడ్మిన్ పాస్‌వర్డుతో లోపలికెళ్లి
ఆమె హోదా మార్చి, లేచి కుర్చీ ఇచ్చాను.
"తేదీ మీరే కొట్టండి."
2099 కొట్టింది. యంత్రం తిప్పికొట్టింది.
2060. ఊహూ.
2040. ఊహూ.
గొర్రెల బేరంలా ఒక్కో మెట్టూ దిగి
2038, జనవరి పంతొమ్మిది దగ్గర కుదిరింది.

ఎందుకో చెప్పాను.
ఇది పాత డేటాబేసు. 1970 నుంచీ
సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తోంది.
ఆ రోజుకి దాని వేళ్లు అయిపోతాయి.
మర్నాడు తెల్లారుతుందని దానికి తెలీదు.

షైర్‌గుల్ శ్రద్ధగా వింది.
"సరిపోతుంది. నేను నెమ్మదిగా చదువుతాను."
గుమ్మం దగ్గర ఆగింది.
"అయితే సోమవారం మెసేజి రాదా ఇక?"
"రాదు."
ఫోనుని రుమాల్లో చుట్టడానికి
కాస్త ఎక్కువసేపే పట్టింది.

బిష్కెక్ వచ్చాక లాగ్ తెరిచి చూశాను.
బ, డబ్బా, బ, డబ్బా, సారా:
ఒక్క వారంలో నాలుగు వందల పన్నెండు మార్పులు.
తప్పుగా ఎక్కిన పేర్లు,
తలకిందులైన ఇంటి నంబర్లు,
చెరువులో పడి తడిసిందని ఎప్పుడో మాఫీ చేసిన అట్లాసు.

పై ఆఫీసు అడుగుతోంది,
ఈ డబ్బాల మనిషెవరు, హక్కులెవరిచ్చారు అని.
ఇంకా జవాబు రాయలేదు.
రౌటరొకటి అక్కడే మర్చిపోయాను.
దానికోసం మళ్లీ వెళ్లాలి.